లైనక్స్ అడ్మిన్ పనికి ఏది పట్టుకుని చదవాలె?

ప్రశ్న: డిగ్రీ అయిపోయింది, లైనక్స్ సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ నేర్చుకుంటున్న. ఫోన్ నిండా పీడీఎఫ్‌లు, వీడియోలే. ఒకదాంట్ల చెప్పింది ఇంకోదాంట్ల పనిచేస్తలేదు. లాప్‌టాప్ 4 జీబీ ర్యామ్‌ది. ఏది నమ్మాలె?
— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ముందు ఆ పీడీఎఫ్‌లు ఎప్పటివో చూడండి. సెంటాస్ 7 (లైనక్స్‌లో ఒక రకం) మీద రాసినవన్నీ పక్కన పడేయండి. దానికి 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇప్పుడు అందులో యమ్ అనే కమాండ్‌తో ఏం ఇన్‌స్టాల్ చేయబోయినా మిర్రర్ (ప్యాకేజీలు దిగే సర్వర్ల) జాబితా దొరకలేదనే అంటుంది, తప్పు మీదేనేమో అని రెండు రోజులు తల పట్టుకుంటారు. ఐఎఫ్‌కాన్ఫిగ్ కమాండ్‌తో నెట్‌వర్క్ పాఠం మొదలైందంటే అదీ పాతదే.

ఒక్క పుస్తకమే అంటే డెబియన్ అడ్మినిస్ట్రేటర్స్ హ్యాండ్‌బుక్. డెబియన్ కూడా లైనక్స్‌లో ఒక రకమే. పుస్తకం ఉచితం. డెబియన్ 12లో డెబియన్-హ్యాండ్‌బుక్ అనే ప్యాకేజీగా ఏపీటీతోనే (డెబియన్‌లో ప్యాకేజీలు దింపే కమాండ్) దిగుతుంది, తర్వాత నెట్ లేకున్నా చదువుకోవచ్చు. రెడ్ హ్యాట్ (లైనక్స్ అమ్మే కంపెనీ) ఉద్యోగాల మీద కన్నుంటే ఈఎక్స్200 అనే అడ్మిన్ సర్టిఫికెట్ పరీక్షకు ఆ కంపెనీ పెట్టిన అంశాల జాబితానే సిలబస్ అనుకోండి.

రోజూ పనికొచ్చేవి మాత్రం మ్యాన్ పేజీలు, అంటే సిస్టమ్‌లోనే ఉండే కమాండ్ల వివరణలు. వాటిని వెతకడం రాకే చాలామంది వదిలేస్తారు. రాత్రి బ్యాకప్‌కు క్రాన్‌లో (చెప్పిన టైముకు కమాండ్లు నడిపేది) ఒక లైన్ రాసి, ఫైల్ పేరులో తేదీ రావాలని డేట్ కమాండ్‌కు %ఎఫ్ ఇచ్చారనుకోండి. టెర్మినల్‌లో నడుస్తుంది, క్రాన్‌లో నడవదు. మ్యాన్ క్రాన్‌ట్యాబ్ అని కొడితే 1వ సెక్షన్ తెరుచుకుంటుంది, అది క్రాన్‌ట్యాబ్ కమాండ్ గురించి. క్రాన్ లైన్లుండే ఫైల్ ఎట్లా రాయాలో 5వ సెక్షన్‌లో ఉంటుంది: మ్యాన్ 5 క్రాన్‌ట్యాబ్. % కనబడగానే క్రాన్ కమాండ్‌ను అక్కడికే తెంపి, మిగతాది దానికి ఇన్‌పుట్‌గా పంపుతుందని అందులో రాసే ఉంది. % ముందు బ్యాక్‌స్లాష్ పెడితే సరి. అడ్మిన్ కమాండ్లు 8వ సెక్షన్‌లో. కమాండ్ పేరే తెలియకపోతే మ్యాన్ -కె పక్కన విషయం కొట్టండి. ఏమీ దొరకలేదంటే రూట్‌గా (అన్ని హక్కులున్న యూజర్) మ్యాన్‌డీబీ అనే కమాండ్ ఒకసారి నడిపి మళ్లీ వెతకండి.

మీ లాప్‌టాప్‌కు వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే ప్రోగ్రామ్) డెస్క్‌టాప్ లేని డెబియన్ చాలు, దానికి 1 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్ ఇవ్వండి. తప్పులు సరిచేయడం నేర్చుకోవడానికి స్నాప్‌షాట్ (వెనక్కి పోయేందుకు ఆ క్షణపు నకలు) తీసుకుని, ఏ డిస్క్‌లు జోడించాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో అసలు లేని డిస్క్ పేరుతో ఒక లైన్ రాసి రీబూట్ చేయండి. ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగుతుంది. రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి పోయి, ఆ లైన్ తీసేసి, మౌంట్ -ఎ (ఎఫ్‌స్టాబ్‌లోని డిస్క్‌లను జోడించే కమాండ్) తో సరిచూడండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేసి ఉంటే అక్కడ లోపలికే రానివ్వదు, స్నాప్‌షాట్‌కు వెనక్కి పోవడమే సులువు.