మేలో శంకుస్థాపన, సంక్రాంతికి గృహప్రవేశం అవుతుందా?

గుంటూరు దగ్గర నల్లరేగడి స్థలం, గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, మేలో మొదలుపెడితే సంక్రాంతికి చేరగలమా అని అడిగారు. కష్టమండీ. పైగా సంక్రాంతి పుష్యమాసంలో వస్తుంది, మీ పంతులుగారు కూడా మాఘమే చెప్తారు. అప్పటికి పెట్టుకోండి, టెన్షన్ తగ్గుతుంది.

అసలు చూడాల్సింది పునాది. నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. అందుకే జూన్ మధ్యలో వానలు పట్టుకునేలోపు ఫుటింగులు (పిల్లర్ల కింది పునాది దిమ్మెలు), ప్లింత్ బీమ్ (నేల మట్టం దగ్గర గోడల కింద వేసే బీమ్), ఫిల్లింగ్ (పునాది లోపలి భాగం నింపడం) అయిపోవాలి. తవ్విన నల్లమట్టినే మళ్లీ లోపల నింపేస్తానని మేస్త్రీ అంటే ఒప్పుకోవద్దు, గ్రావెల్ తోలించి పొరలుగా దిమ్మిస చేయించండి. వర్షాకాలంలో నదుల్లో ఇసుక తవ్వకాలు ఆపేస్తారు కాబట్టి స్లాబు వరకు సరిపడా ముందే దింపించుకోండి.

స్లాబు దగ్గర మాత్రం తొందరొద్దు. ఓపీసీ (సాధారణ పోర్ట్‌ల్యాండ్) సిమెంటుకు, కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల లోపు స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబు కింద సపోర్టులు కనీసం 7 రోజులు, 6 మీటర్ల లోపు బీముల కింద 14 రోజులు ఉంచాలి. పీపీసీ (ఫ్లై యాష్ లాంటివి కలిపిన సిమెంటు) అయితే ఇంకాస్త ఆగడం మంచిది, క్యూరింగ్ (నీళ్లతో తడిపి ఉంచడం) కూడా 10 రోజులకు తగ్గకూడదు. సెంట్రింగ్ వాళ్లు (స్లాబు పోయడానికి అచ్చు కట్టేవాళ్లు) జాకీలు, అంటే ఆ సపోర్టులు, వేరే సైటుకు కావాలని గొడవ చేస్తారు, పట్టించుకోకండి.

ప్లాన్ అప్రూవల్, సాయిల్ టెస్ట్ రిపోర్టు ఏప్రిల్‌కల్లా చేతికి రాకపోతే మాత్రం మే మాట వదిలేయండి. అక్టోబరు, నవంబరు తుఫాన్లు కూడా దాటాక, మాఘంలో శంకుస్థాపన చేస్తే స్లాబు దాకా ఎండలే దొరుకుతాయి. అద్దె కొన్ని నెలలు ఎక్కువ కట్టినా నష్టం లేదు.