ముస్సోలినీని దించిన గ్రాండి వీరుడేనా?

ప్రశ్న: 1943లో ఇటలీ నియంత ముస్సోలినీని గద్దె దించిన తీర్మానం పెట్టింది అతని సొంత పార్టీ మనిషి డినో గ్రాండియేనట. మరి అతన్ని ఫాసిజాన్ని ఎదిరించిన వీరుడిగా ఎందుకు చెప్పుకోరు?

జవాబు: చెప్పుకోకపోవడమే న్యాయం. ఆ ఒక్క రాత్రికి ముందు ఇరవై ఏళ్లకు పైగా కథ ఉంది. 1895లో ఇమోలా దగ్గర మొర్దానోలో పుట్టిన గ్రాండి, మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చి లాయరయ్యాడు, ఆపైన బొలోన్యాలో ఫాసిస్టుల నల్లచొక్కాల ముఠాలకు నాయకుడయ్యాడు. ఆ ముఠాలు లారీలెక్కి పల్లెల మీద పడేవి, కూలి సంఘాల ఆఫీసులు తగలబెట్టేవి, సంఘం నాయకులను కర్రలతో చావబాది బలవంతంగా ఆముదం తాగించేవి. 1921లో ముస్సోలినీయే సోషలిస్టులతో రాజీకి ఒప్పుకుంటే, కుదరదని అడ్డం తిరిగినవాళ్లలో గ్రాండి ముందున్నాడు. నాయకుడి కంటే కరుడుగట్టినవాడన్నమాట!

తర్వాత పదవులకు కొదవ లేదు. 1929 నుంచి 1932 దాకా విదేశాంగ మంత్రి, 1939 వరకు లండన్‌లో రాయబారి, ఆపైన న్యాయమంత్రి. లండన్‌లో తెచ్చుకున్న మంచి పేరు చూసి చాలామంది ఇతన్ని మెతక మనిషి అనుకుంటారు గానీ, ఇతను న్యాయమంత్రిగా ఉండగా వచ్చిన 1942 సివిల్ కోడ్‌లో మొట్టమొదటి ఆర్టికల్‌లోనే, జాతిని బట్టి హక్కులకు పరిమితులు పెట్టే ప్రత్యేక చట్టాల ప్రస్తావన ఉంది. ఇది మెతకదనం ఎలా అవుతుంది?

ఇక ఆ రాత్రి. 1943 జులై 10న మిత్రసేనలు సిసిలీలో దిగాయి, 19న రోమ్ మీద బాంబులు పడ్డాయి. 24 సాయంత్రం వెనీజియా భవనంలో ఫాసిస్టు మహామండలి, అంటే పార్టీ పెద్దల అత్యున్నత సభ, కూర్చుంది. ముస్సోలినీ చేతిలో ఉన్న సైన్యాధిపత్యం తిరిగి రాజుకే అప్పగించాలని గ్రాండి తీర్మానం పెట్టాడు. ఏమవుతుందోనన్న భయంతో చేతిబాంబులు వెంట తీసుకెళ్లానని తర్వాత అతనే చెప్పుకున్నాడు. తెల్లవారుజామున రెండు దాటాక ఓటింగ్ జరిగితే 19 మంది అనుకూలం. ఆ రోజు సాయంత్రమే రాజు ముస్సోలినీని అరెస్టు చేయించాడు.

ధైర్యం లేదని నేననను. కానీ యుద్ధం గెలుస్తున్నంతకాలం ఆ తీర్మానం ఎందుకు రాలేదు? దేశం ఓడిపోతోందని తేలాకే వచ్చింది.

ఆగస్టులోనే గ్రాండి దేశం దాటి పోర్చుగల్ చేరాడు. ఈలోగా జర్మన్ల అండతో ముస్సోలినీ ఉత్తర ఇటలీలో మళ్లీ ప్రభుత్వం పెట్టాడు; 1944 జనవరిలో ఆ ప్రభుత్వపు వెరోనా కోర్టు, తీర్మానానికి ఓటేసిన అతనికీ మరణశిక్ష వేసింది గానీ మనిషి దొరకలేదు. దొరికిన ఆరుగురిలో ఐదుగురిని, వాళ్లలో ముస్సోలినీ సొంత అల్లుడు చానోతో సహా, కాల్చేశారు. గ్రాండి బ్రెజిల్‌లో కొన్నేళ్లుండి ఇటలీకి తిరిగొచ్చాడు, 1988లో బొలోన్యాలోనే, 92 ఏళ్ల వయసులో పోయాడు.