టెస్టోస్టిరాన్ తక్కువగా ఉంటే గుండెపోటు ముప్పు పెరుగుతుందా?

మీ నాన్నగారికి కాళ్ల రక్తనాళాల్లో బ్లాకులున్నాయి, టెస్టోస్టిరాన్ (మగవాళ్ల ముఖ్య హార్మోన్) తక్కువ వచ్చింది, ఇంజెక్షన్లు వేయిస్తే గుండెకు మంచిదా అని అడిగారు.

రక్తనాళాల జబ్బు ఉన్న మగవాళ్లలో ఈ హార్మోన్ తక్కువగా కనిపించడం మామూలే. కానీ అదే జబ్బుకు కారణమని చెప్పలేం. ఊబకాయం, షుగర్, దీర్ఘకాలిక జబ్బులు హార్మోన్‌నూ తగ్గిస్తాయి, రక్తనాళాలనూ పాడుచేస్తాయి. చాలాసార్లు తక్కువ రీడింగ్ ఒంట్లో బాగాలేదనడానికి గుర్తు మాత్రమే.

2023లో వచ్చిన ట్రావర్స్ ట్రయల్ ఇక్కడ బాగా పనికొస్తుంది. గుండెజబ్బు ఉన్న, లేదా ముప్పు ఎక్కువగా ఉన్న, టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 300 నానోగ్రాముల కన్నా తక్కువున్న 5,200 మందికి పైగా మగవాళ్లలో కొందరికి హార్మోన్ జెల్, కొందరికి ఉత్తుత్తి జెల్ ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు మొదటి గుంపులో 7.0 శాతం, రెండో గుంపులో 7.3 శాతం. అంటే ముప్పు పెరగలేదు, తగ్గనూ లేదు. అయితే గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం హార్మోన్ వాడినవాళ్లలో కాస్త ఎక్కువ. ఇది తేలిగ్గా తీసుకోవద్దు.

కాబట్టి గుండె కోసమని ఇంజెక్షన్లు వద్దు. లైంగిక కోరిక తగ్గడం లాంటి లక్షణాలుంటే, ఉదయం పరగడుపున రెండు వేర్వేరు రోజుల్లో పరీక్ష చేయించి ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టర్‌ను) కలవండి. హార్మోన్ మొదలుపెడితే హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) చూస్తుండాలి. 54 శాతం దాటితే ఆపేస్తారు. స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు), బీపీ మాత్రలు మాత్రం డాక్టర్ చెప్పకుండా మాన్పించకండి. సిగరెట్ అలవాటుంటే ముందు అది మాన్పించండి.