ఎమ్‌జీబీ తలుపు గ్యాప్: హింజ్ ముట్టుకునే ముందు సిల్ చూడండి

మీ ఎమ్‌జీబీ రోడ్‌స్టర్ (పైకప్పు లేని పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) తలుపు వెనక అంచు పైన ఒరుసుకుంటోందని, కింద మాత్రం వేలు పట్టేంత సందు ఉందని రాశారు. హింజ్ కింద షిమ్ (సర్దుబాటుకు పెట్టే పలుచటి రేకు ముక్క) వేసి మిగతాది పుట్టీతో కవర్ చేద్దామని టింకర్ అంటున్నాడన్నారు. దయచేసి ఒప్పుకోకండి. మారేడ్‌పల్లిలో మా మామయ్య కారు బాగుచేయించినప్పుడు అచ్చం ఇదే చూశాం. తేడా తలుపులో లేదు, దాని కింద కారు పొడవునా ఉండే రేకు భాగంలో, అంటే సిల్‌లో ఉంది.

1962లో వచ్చిన ఈ మోడల్‌కు విడిగా ఛాసిస్ లేదు. రోడ్‌స్టర్‌కైతే పైకప్పు కూడా ఉండదు కాబట్టి బాడీ వంగకుండా ఆపే పని ఎక్కువగా తలుపుల కిందున్న సిల్స్‌దే. వాటికి లోపల తుప్పు పడితే కారు నడుం కుంగుతుంది. తలుపు పట్టే చోటు పైన ఇరుకై, కింద విచ్చుకుంటుంది. పైరేకు నున్నగా ఉందని నమ్మొద్దు. మా కారుకు పాత రేకు మీదే ఎవరో కొత్తది అతికించారు. కోసి చూస్తే లోపలి నిలువు రేకు చెయ్యి తగలగానే పొలుసులుగా రాలింది.

ముందు తలుపు సగం తెరిచి, వెనక అంచు పట్టుకుని పైకి ఎత్తండి. హింజ్ దగ్గర ఆడితే పిన్ అరిగినట్టే, అది మార్చాకే మిగతా పని. ఆడకపోతే లాక్ స్ట్రైకర్ (తలుపు లాక్ వెళ్లి పట్టుకునే ముక్క), రబ్బర్ బీడింగ్ తీసేయండి. అవి తలుపును ఎటో ఒకవైపు నెడుతుంటాయి, అసలు గ్యాప్ తెలియదు. కారు చక్రాల మీద, ఇంజన్ లోపలే ఉండగా కొలవండి. నడుం కింద జాకీ పెడితే కుంగుడు బయటపడదు. మేం డ్రిల్ బిట్ల కాడలతో కొలిచాం. పైన 3 ఎంఎం బిట్ కూడా దూరలేదు, కింద 8 ఎంఎం బిట్ వదులుగా ఆడింది.

సిల్ కోసే ముందు తలుపు ముందు, వెనక స్తంభాలను కలుపుతూ చదరపు పైపు వెల్డింగ్ చేయించాలి. ఇది తప్పనిసరి. ఒకసారికి ఒక వైపే కోయాలి. కొత్త సిల్‌కు టాక్‌లు (అక్కడక్కడ చిన్న వెల్డింగ్ చుక్కలు) మాత్రమే వేసి, తలుపు బిగించి చూసుకుని, అప్పుడు పూర్తి వెల్డింగ్. అదీ ఒకేచోట వరుసగా లాగకుండా చోటు మార్చుకుంటూ చేయాలి, లేకపోతే వేడికి రేకు మళ్లీ లాగేస్తుంది. మా మేస్త్రీ ఈ దశలో అస్సలు తొందరపడలేదు, ఫలితం అక్కడే వచ్చింది.

తర్వాత పని వెనక నుంచి ముందుకు. వెనక ఫెండర్ వెల్డింగ్‌తో ఉంటుంది, కదలదు. తలుపును దానికి కుదర్చండి. ముందు ఫెండర్ బోల్టులతో ఉంటుంది కాబట్టి దాన్ని తలుపుకు కుదర్చండి. షిమ్ వేయాల్సింది ఇప్పుడే.

అప్పటికీ అక్కడక్కడ చిన్న తేడా మిగిలితే తలుపు అంచున సన్నటి తీగ వెల్డ్ చేసి గ్రైండ్ చేయించండి. అంచున పుట్టీ మందంగా పెడితే తలుపు గట్టిగా వేసినప్పుడల్లా దెబ్బ తగిలి పగులుతుంది. ప్రైమర్, పెయింట్ పొరలు రెండు అంచులకూ పడి గ్యాప్‌ను కొంత తినేస్తాయి. అందుకే ఒట్టి రేకు మీద 5 ఎంఎం ఉంచమని మీ టింకర్‌కు ముందే చెప్పండి.