ఏడేళ్ల పియానో బాబు, నలభై ఏళ్ల నాన్న

పిల్లల సంగీతం గురించి పాఠకుల ప్రశ్నలకు గుంటూరు నుంచి ఒక పియానో మాస్టారి జవాబులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిల్లలది టాలెంటా, పెద్దవాళ్ల ఒత్తిడా అన్న ఒకే గొడవ మీద ఉన్నాయి, అందుకే వాటినే తీసుకున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. మా బాబుకి ఏడున్నరేళ్లు. నాలుగేళ్లప్పుడే బొమ్మ కీబోర్డు మీద టీవీ ప్రకటనల ట్యూన్లు ఎవరూ చెప్పకుండా వాయించేవాడు. ఇప్పుడు డిజిటల్ పియానో కొన్నాం, బెంజ్ సర్కిల్ దగ్గర క్లాసుకి పంపుతున్నాం. మావారు పొద్దున ఐదింటికి లేపి కూర్చోబెడతారు, సాయంత్రం మళ్లీ, మొత్తం నాలుగు గంటలు. రీల్స్ పెడతారు, ఒకటి బాగా వైరల్ అయింది. అప్పట్నుంచి స్కూలు మాన్పించి ఇంట్లోనే చదివిద్దాం అంటున్నారు. మా అత్తగారేమో పూర్వజన్మ సుకృతం, ఆపొద్దంటారు. మా అమ్మేమో పసివాణ్ణి చంపుకుతింటున్నారంటుంది. ఇది టాలెంటా, మేం రుద్దుతున్నామా?
ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: రెండూనమ్మా. టాలెంట్ ఉన్న చోట ఒత్తిడి ఉండదని ఎవరన్నారు? నిజానికి ఎక్కువ ఒత్తిడి పడేది టాలెంట్ ఉన్న పిల్లల మీదే, లేనివాణ్ణి ఏ తండ్రీ ఐదింటికి లేపడు, రెండు నెలలు చూసి క్రికెట్ కోచింగ్‌కి మార్చేస్తాడు.

ముందు మీ బాబు చెవి సంగతి. నాలుగేళ్లకి విన్న ట్యూన్ విన్నట్టు వాయించడం మామూలు విషయం కాదు, అది మీవారు కూర్చోబెట్టి తెప్పించింది కూడా కాదు. స్వీడన్‌లో వేలమంది కవలల మీద చేసిన అధ్యయనం ఒకటి 2014లో వచ్చింది. అచ్చం ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరు రెండోవారి కంటే ఎంతో ఎక్కువ సాధన చేసినా, స్వరంలో, లయలో తేడాలు పసిగట్టే శక్తి మాత్రం ఇద్దరికీ ఒకేలా ఉంది. అదే ఏడాది ఇంకో బృందం పాత అధ్యయనాలన్నీ పోగేసి లెక్కగట్టి, సంగీతంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో సాధన లెక్కకి వచ్చేది 21 శాతమే అంది. అంటే పదివేల గంటలు కూర్చోబెడితే ఎవరైనా మొజార్ట్ అయిపోతారనే మాట పట్టుకుని మీవారు గడియారం చూస్తుంటే ఆ గడియారం తీసేయండి. అలాగని సాధన లేకుండా ఎవరూ పైకి రాలేదు, అదీ నిజమే.

మొజార్ట్ పేరు ఎలాగూ వచ్చింది కాబట్టి చెబుతున్నా. బాలమేధావిగా పేరుపడ్డ ఈ పాశ్చాత్య సంగీతకర్త 1756లో పుట్టాడు, తండ్రి లియోపోల్డ్ సాల్జ్‌బర్గ్ ఆస్థానంలో వయొలిన్ విద్వాంసుడు, కొడుకు పుట్టిన ఏడాదే వయొలిన్ నేర్పే పుస్తకం అచ్చేసినవాడు. అలాంటి ఇంట్లో పుట్టినవాడిది టాలెంటా, ట్రైనింగా అంటే ఎవరు విడదీయగలరు? 1763 నుంచి మూడేళ్లకు పైగా ఇద్దరు పిల్లల్నీ బండ్లలో వేసుకుని యూరప్ అంతా తిప్పాడాయన. లండన్‌లో ప్రకటనల్లో కొడుకు వయసు ఏడాది తగ్గించి వేయించాడు. డైన్స్ బారింగ్టన్ అనే ఆయన 1765లో పిల్లాడికి స్వయంగా పరీక్ష పెట్టి కూడా అనుమానం తీరక, సాల్జ్‌బర్గ్ నుంచి పుట్టిన తేదీ రికార్డు తెప్పించుకున్నాకే అక్కడి శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి నివేదిక ఇచ్చాడు. ఇంకో గొప్ప సంగీతకర్త బీథోవెన్ తండ్రి 1778లో కొలోన్ కచేరీకి ఏడేళ్లవాణ్ణి ఆరేళ్లవాడని ప్రకటించాడు. ఎందుకీ ఏడాది కక్కుర్తి? జనం టికెట్ కొనేది పిల్లాడి వయసు చూసి కాబట్టి.

మీ రీల్ వైరల్ అయిందీ అందుకేనమ్మా, కోపం తెచ్చుకోకండి. అదే ముక్క ఇరవై రెండేళ్ల కుర్రాడు వాయిస్తే ఎవరూ ఆగి చూడరు. ఈ సరుకు ఏడాదికేడాది తరిగిపోయేది, పన్నెండేళ్లకి సగమవుతుంది, మీసాలొచ్చేసరికి సున్నా. దాని మీద ఆశ పెట్టుకున్న ఇంట్లో ఎప్పుడూ తొందరే ఉంటుంది, వచ్చే నెలకి ఇది, పుట్టినరోజులోపు అది అని. నాలుగు గంటల కంటే నాకు భయం వేసేది ఈ తొందర చూసే.

మన పక్క కథలు చూడండి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఎనిమిదేళ్లకే విజయవాడలో త్యాగరాజ ఆరాధనలో పాడారు. తండ్రి పట్టాభిరామయ్య గారు స్వయంగా వేణువు వాయించేవారు, అయినా కొడుకుని పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి చేతిలో పెట్టారు. మాండొలిన్ శ్రీనివాస్ గారిది పాలకొల్లు, ఆరేళ్లప్పుడు నాన్న మాండొలిన్ తీసి వాయిస్తుంటే, ఆ నాన్నకి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారు పాఠం మొదలెట్టారు. తమాషా ఏంటంటే సుబ్బరాజు గారికి మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని వాయించేవాడు. 1978లో మన పక్కనున్న గుడివాడలోనే త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ జరిగింది. రెండిళ్లలోనూ నాన్నకి సంగీతం తెలుసు, పాఠం మాత్రం ఇంకొకరి చేతిలో ఉంది. పిల్లాడు పాఠం సరిగ్గా రాని రోజున మొహం దాచుకోవడానికి ఇంట్లో ఒక నాన్న మిగిలి ఉండాలి కదా. మీ ఇంట్లో మీవారే అలారం, మీవారే మాస్టారు, మీవారే కెమెరా, ఇప్పుడు స్కూలు కూడా మీవారే అవుతానంటున్నారు.

నా దగ్గరికి కొత్త పిల్లాడొస్తే నేను మొదట గమనించేది ఒక్కటే. తప్పు వాయించినప్పుడు కీస్ వైపు చూస్తాడా, తలుపు దగ్గర కూర్చున్న నాన్న మొహం వైపు చూస్తాడా? కీస్ వైపు చూసేవాడికి ఆ తప్పు ఎందుకొచ్చిందో తెలుసుకోవాలని ఉంది. మీరూ ఓసారి చూడండి.

స్కూలు మాన్పించొద్దు, దీనిమీద బేరం లేదు. ఐదింటి అలారం తీసేయండి, ఆ వయసుకి నిద్ర చాలా కావాలి. రోజుకి గంట, అదీ రెండు ముక్కలుగా, ఏం వాయించాలో క్లాసు మాస్టారు చెప్పినట్టు. ఆ పైన వాడంతట వాడు వెళ్లి కూర్చుంటే కూర్చోనివ్వండి, కానీ మణికట్టు నొప్పి అన్న రోజు మూత వేసేయండి. రీల్స్ ఏడాది పాటు వద్దు. ఇక దసరా సెలవుల్లో ఎవరూ వాయించమనొద్దు, వద్దనొద్దు. వాడు వెళ్లి మళ్లీ ఆ టీవీ ప్రకటన ట్యూనే వాయించినా సరే, అది మంచి కబురు. సెలవులన్నీ పియానో వైపే చూడలేదనుకోండి, అదీ మీకు ఒక జవాబే. టాలెంట్ లేదని కాదు, అలిసిపోయాడని.

ప్రశ్న: గట్టిగా పట్టుకోకపోతే ఎవరైనా ఏదైనా అయ్యారా మాస్టారూ? కోనేరు హంపి గారి నాన్న ఉద్యోగం వదిలేసి నేర్పారు. చైనా పియానిస్ట్ లాంగ్ లాంగ్ నాన్న కూడా అంతే. మా పాపకి ఆరేళ్లు, నేనే యూట్యూబ్ చూసి నేర్పుతున్నా, ఏడిస్తే ఏడవనీ అనుకుంటున్నా.
ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: హంపి గారి పేరు మంచిదే తీశారు, నా మాటకి అడ్డొచ్చే ఉదాహరణ అది, ఒప్పుకోవాలి. అశోక్ గారు తండ్రీ, కోచ్ రెండూ అయ్యారు, ఆవిడ 2002లో పదిహేనేళ్లకి గ్రాండ్‌మాస్టర్, 2019లోనూ మళ్లీ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్. మన గుంటూరు పెంటేల హరికృష్ణ గారికి మొదట ఎత్తులు నేర్పింది వాళ్ల తాతగారు. అయితే రెండు సంగతులు. ఒకటి, అశోక్ గారు చదరంగం ఆడిన మనిషి, యూట్యూబ్ చూసి నేర్పలేదు. రెండోది, చదరంగంలో ఎదుటివాడికి మీ పాప వయసుతో పని లేదు, ఓడిపోతే సాయంత్రానికి తెలిసిపోతుంది, నాన్న ఎంత కోప్పడ్డా రేటింగ్ మారదు. సంగీతంలో అలాంటి బోర్డు లేదు. బాగుందో లేదో చెప్పేది మీరే, మెచ్చుకునేదీ మీరే, తిట్టేదీ మీరే అయితే ఆరేళ్ల పిల్లకి పియానో అంటే మీ మూడ్.

లాంగ్ లాంగ్ కథ మాత్రం పూర్తిగా చదివి ఉండరు. తొమ్మిదేళ్లప్పుడు తండ్రి పోలీసు ఉద్యోగం వదిలి బీజింగ్ తీసుకెళ్లాడు, అక్కడ టీచర్ ఇక నేర్పనని పంపించేసింది, ఆ కోపంలో ఆ తండ్రి పిల్లాణ్ణి చచ్చిపొమ్మన్నాడు. ఇది లాంగ్ లాంగే తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ తర్వాత నెలల తరబడి పియానో ముట్టుకోలేదు. తర్వాత పెద్దవాడయ్యాడు, ప్రపంచం మొత్తం తెలిసిన పేరయ్యాడు, దాంతో ఆ నాన్నది మొండి పట్టుదల అయిపోయింది. అదే కోపం పడ్డ మిగతా పిల్లలు పుస్తకాలు రాయలేదండీ.

రాసినవాళ్లలో ఒకావిడ ఉంది, రూత్ స్లెన్‌జిన్‌స్కా, 1925లో కాలిఫోర్నియాలో పుట్టింది. వయొలినిస్టైన తండ్రి రోజుకి తొమ్మిది గంటలు కూర్చోబెట్టేవాడు, తప్పుకి ఒక దెబ్బ. నాలుగేళ్లకి కచేరీ, ఆరేళ్లకి బెర్లిన్. పదిహేనేళ్లు వచ్చేసరికి తండ్రినీ కచేరీల్నీ రెంటినీ వదిలేసింది. చాలా ఏళ్ల తర్వాత తనంతట తానే పియానో దగ్గరికి తిరిగొచ్చి, 2022లో తొంభై ఏడేళ్ల వయసులో కొత్త ఆల్బమ్ విడుదల చేసింది. తండ్రి దెబ్బలకి చెక్కుచెదరనంత ఇష్టం ఆవిడలో ఉంది, అది దెబ్బల గొప్ప కాదు.

మీ పాప సంగతికొస్తే, నేర్పడం ఆపి పక్కన కూర్చుని వినండి. అమెరికాలో కచేరీ స్థాయికి చేరిన 21 మంది పియానిస్టుల్ని ఒక పరిశోధకురాలు కూర్చోబెట్టి చిన్నతనం గురించి అడిగింది, 1985లో పుస్తకంగా వచ్చింది. వాళ్లలో చాలామంది మొదటి టీచర్ ఎవరో గొప్ప విద్వాంసులు కాదు, వీధిలో ఉండే టీచరు, చాక్లెట్ ఇచ్చి, నవ్వించి వాయింపించుకున్న రకం. కఠినమైన గురువులు తర్వాత వచ్చారు, అప్పటికి పిల్లలకి అది తట్టుకునేంత ఇష్టం వచ్చేసింది. ఆరేళ్లకే ఏడిపిస్తే ఆ వరస తలకిందులైనట్టే. బ్రాడీపేటలో సందుకో ట్యూషన్ ఉంది, నవ్వే టీచర్ ఒక్కరు దొరకరా?

ప్రశ్న: మా మనవరాలు, మనవడు ఇద్దరూ పియానో నేర్చుకుంటున్నారు. ఇద్దరికీ ఫీజు కష్టంగా ఉంది. మనవడు చురుకు, వాడికి ఉంచి అమ్మాయికి ఆపేద్దామంటున్నాడు మా అబ్బాయి. పిల్లకి పదకొండేళ్లు, పియానో పరీక్షల్లో మూడో గ్రేడ్ పాసైంది.
ఒక తాతగారు, తెనాలి

జవాబు: ఇందాక లియోపోల్డ్ ఇద్దరు పిల్లల్ని తిప్పాడని రాశాను చూశారా, ఆ రెండో పిల్ల నానెర్ల్, మొజార్ట్ అక్క. మొదట్లో ఆవిడా అంతే పేరు తెచ్చుకుంది. పెళ్లీడు వచ్చేసరికి ఇంట్లో దిగబెట్టి, తమ్ముణ్ణి మాత్రం ఇటలీ తీసుకెళ్లారు. ఆవిడకి ఎంత టాలెంట్ ఉండేదో ఇక ఎవరూ చెప్పలేరు. ఇద్దరికీ వారం విడిచి వారం క్లాసు పెట్టించండి, సగం ఫీజుకి టీచర్లు ఒప్పుకుంటారు, అడగాలంతే. మీ అబ్బాయికి ఈ పేజీ చూపించండి బాబాయ్ గారూ, కోపం నా మీదకి మళ్లించండి.

ప్రశ్న: కీబోర్డు చాలా, పియానోనే కొనాలా?
మంగళగిరి

జవాబు: మొదటి ఏడాదికి 61 కీస్ కీబోర్డు చాలు. రెండో ఏడాది కూడా పిల్లలు వాయిస్తూనే ఉంటే 88 కీస్, నొక్కితే బరువు తెలిసే డిజిటల్ పియానో చూడండి, సెకండ్ హ్యాండ్ దొరికితే ఇంకా మంచిది.

ప్రశ్న: సర్, నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, విజయవాడ దగ్గర హాస్టల్లో ఉంటున్నా. ఎనిమిదేళ్లప్పుడు నాకు సన్మానాలు చేశారు, పేపర్లో ఫొటో కూడా వచ్చింది. పదో తరగతి నుంచి పియానో ముట్టుకోలేదు. ఇంటికెళ్లినప్పుడు వాయిస్తే వేళ్లు తిరగట్లేదు, ఏడుపొచ్చింది. నాకు నిజంగా టాలెంట్ ఉందా, అంతా నాన్న వల్లనేనా? ఎంట్రన్స్ అయ్యాక మొదలెడితే లేటా?
ఒక విద్యార్థిని

జవాబు: లేటేం కాదమ్మా. పైన 21 మంది గురించి రాశాను కదా, వాళ్లలో ఎక్కువమంది చిన్నప్పుడు బాలమేధావులేం కాదు, ఎవరూ సన్మానాలు చేయలేదు. నీకు చేశారు, ఆ శాలువాలు ఎనిమిదేళ్ల పిల్లవి, ఇప్పుడు నువ్వు వాటికి బాకీ లేవు. నాన్న వల్లనా, నీ వల్లనా అనేది ఇప్పుడు తేల్చలేవు. ఎవరూ అడగకుండా నువ్వు వాయించిన రోజులు ఇంకా రాలేదు కాబట్టి. అయినా వేళ్లు తిరగలేదని ఏడుపొచ్చిందన్నావు, ఆ ఏడుపు మాత్రం మీ నాన్నది కాదుగా.

వేళ్లు తిరిగి వస్తాయి. పాతవాటిలో కష్టమైన ముక్కతో మొదలెట్టకు, రెండో గ్రేడ్, మూడో గ్రేడ్ ముక్కలు నెమ్మదిగా. ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎం అనే లండన్ సంస్థలు పెట్టే సంగీతం గ్రేడ్ పరీక్షలకి వయసు నిబంధన లేదు. ఏబీఆర్ఎస్ఎంలో ఆరో గ్రేడ్ ప్రాక్టికల్, అంటే వాయించే పరీక్ష, ఇవ్వాలంటే మామూలుగా థియరీ, అంటే సంగీతం రాత పరీక్ష, ఐదో గ్రేడ్ పాసై ఉండాలి, దానికి పియానో అక్కర్లేదు, పుస్తకం, పెన్సిల్ చాలు. హాస్టల్లో ఆదివారం అరగంట అది చేసుకో, ఎంపీసీ లెక్కల మధ్య నీకది ఊపిరాడినట్టు ఉంటుంది. ఎంట్రన్స్ అయ్యి ఇంటికెళ్లాక మొదటి నెల ఎవరికీ వాయించి చూపించకు, మీ నాన్నగారు అడిగినా సరే, ఫోన్ తీస్తే మూత వేసెయ్. థియరీలో ఎక్కడైనా ఆగిపోతే రాయి, వచ్చే సంచికల్లో చెబుతాను.