కవరు తెరవక ముందు: ఓ యువ రచయిత్రికి లేఖ

అమ్మాయికి,

నీ వ్యాసం అందింది. సినిమా అవార్డుల జోస్యాలతో స్పానిష్ సబ్‌జంక్టివ్ (కోరిక, భయం లాంటివి చెప్పేటప్పుడు వచ్చే క్రియారూపం) నేర్పాలన్న ఆలోచన బాగుంది. ఆసక్తిగానే మొదలుపెట్టాను. రెండో పేజీకి వచ్చేసరికి ముందుకు సాగలేకపోయాను. "సబ్‌జంక్టివ్ అంటే అనుమానం. ఎంత అనుమానం ఉంటే అంత సబ్‌జంక్టివ్" అని రాశావు. ఆ కిందే, "గెలిస్తే" అని చెప్పడానికి "సి గానె" అని ఉదాహరణ ఇచ్చావు. నాకు ఒళ్ళు మండింది. నీ మీద కాదు. ఆ సూత్రాన్ని నీ తలకెక్కించినవాళ్ళ మీద.

షరతు చెప్పేటప్పుడు "సి" తర్వాత వర్తమాన సబ్‌జంక్టివ్ రాదు. "సి గాన" అనాలి. గాన ఇండికేటివ్, అంటే సంగతిని నేరుగా చెప్పే క్రియారూపం; గానె సబ్‌జంక్టివ్. గెలుస్తుందో లేదో ఎవరికీ తెలియదు, అనుమానం నిండుగా ఉంది, అయినా క్రియ ఇండికేటివ్‌లోనే ఉంది చూడు. ఇప్పుడు దీని పక్కన ఇంకో వాక్యం పెట్టు: "క్వాందో ఆబ్రన్ ఎల్ సోబ్రె". కవరు తెరిచినప్పుడు, అని. కవరు తెరుస్తారనడంలో ఎవరికైనా అనుమానం ఉందా? హాలంతా దానికోసమే కూర్చుంది. అయినా అక్కడ ఇండికేటివ్ అయిన "ఆబ్రెన్" కాదు, సబ్‌జంక్టివ్ అయిన "ఆబ్రన్" వస్తుంది. అనుమానం ఉన్నచోట ఇండికేటివ్, లేనిచోట సబ్‌జంక్టివ్. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూసుకుని ఉంటే నీ సూత్రం నీ చేతిలోనే విరిగిపోయేది.

నేను ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నది ఒకటే. ఇక్కడ చూడాల్సింది అనుమానం కాదు, పూచీ. "ఇది ఇలా ఉంది, ఇలా జరుగుతుంది, ఈ మాటకు పూచీ నాది" అని చెప్పేవాడు ఇండికేటివ్ వాడతాడు. ఆ సంగతిని నిజమని ప్రకటించకుండా, దాని గురించి కోరికో భయమో సంతోషమో తీర్పో చెప్పేవాడు సబ్‌జంక్టివ్‌లోకి వెళ్తాడు. కవరు ఇంకా తెరవలేదు, జరగని పనికి పూచీ ఇవ్వలేం, అందుకే "ఆబ్రన్". మరి "సి గాన" సంగతేమిటంటావు. అక్కడ కాసేపటికి గెలిచిందనే అనుకుని, ఆ అనుకున్నదాని మీద నిలబడి మాట్లాడుతున్నాం.

జోస్యం చెప్పేవాళ్ళకు ఇది ప్రాణంతో సమానం. "క్రేయో కె గనరా" అంటే గెలుస్తుందని నా నమ్మకం. ఇండికేటివ్. "ఎస్తోయ్ సెగూరో దె కె గనరా" అంటే ఖాయంగా గెలుస్తుంది. అదీ ఇండికేటివే. "ఎస్ ప్రొబాబ్లె కె గానె" అన్నావనుకో, గెలిచే అవకాశం ఎంత గట్టిగా ఉన్నా సబ్‌జంక్టివ్ తప్పదు. కానీ "ఆ లో మెహోర్ గాన" అంటే ఏమో, గెలిస్తే గెలవొచ్చు అన్నంత పలచటి మాట, అయినా దాని తర్వాత ఎప్పుడూ ఇండికేటివే. అనుమానాన్ని తూకం వేసి క్రియను ఎంచుకునేట్టయితే ఈ రెండూ తారుమారు కావాలి కదా!

నీ వ్యాసంలోని జోస్యాలన్నీ వరసగా చదివాను. పుయెదె కె గానె, ఎస్ పోసీబ్లె కె గానె, కిసాస్ గానె. గెలవొచ్చు, గెలిచే వీలుంది, బహుశా గెలుస్తుందేమో. వ్యాకరణం సరిగానే ఉంది. కానీ పూచీ పడ్డ వాక్యం ఒక్కటీ లేదు. ఫలితం ఎలా వచ్చినా నీ మాట తప్పు కాకూడదని ముందే దారి వేసుకున్నావు. జోస్యం చెబుతానని పాఠకుణ్ణి పిలిచి చివరికి ఏమీ చెప్పకుండా పంపేస్తే వాడికి కోపం రాదా? "కిసాస్"నే తీసుకో. క్రియకు ముందు వస్తే సబ్‌జంక్టివ్ అయినా ఇండికేటివ్ అయినా వాడుకోవచ్చు. క్రియ తర్వాత వస్తే ఇండికేటివే: "గనరా, కిసాస్". ముందు ధైర్యంగా గెలుస్తుందనేసి ఆ తర్వాత కాస్త వెనక్కి తగ్గటం. ఈ సౌకర్యాన్ని నువ్వు ఒక్కసారీ వాడుకోలేదు.

ఇంకో జంట చెబుతాను, వీటి మధ్య తేడా నీకు బాగా పట్టుబడాలి. "క్రేయో కె నో గనరా", "నో క్రేయో కె గానె". మొదటిది గెలవదని నమ్ముతున్నాను అని. రెండోది గెలుస్తుందని నమ్మటం లేదు అని. కబుర్లలో చాలామంది రెండింటినీ ఒకేలా వింటారు, నిజమే. రాతలో మాత్రం అవి రెండు వేరు బాధ్యతలు. 2025 ఫిబ్రవరి 8న గ్రనాదాలో స్పెయిన్ సినిమాలకిచ్చే గోయా అవార్డుల వేడుక జరిగింది. 1987లో మొదటి వేడుక జరిగిన నాటి నుంచీ ఉత్తమ చిత్రం విభాగంలో ఎన్నడూ రానిది ఆ రాత్రి వచ్చింది: 'ఎల్ 47', 'లా ఇన్‌ఫిల్త్రాదా' రెండింటికీ సమానంగా అవార్డు దక్కింది. 'ఎల్ 47' గెలుస్తుందని పూచీ పడ్డవాడు నెగ్గాడు. 'లా ఇన్‌ఫిల్త్రాదా' గెలవదని పూచీ పడ్డవాడు ఓడాడు. ఆ రెండూ ఒకే మనిషి చెప్పి ఉండొచ్చు కూడా! "నో క్రేయో కె గానె" అన్నవాడు మాత్రం ఓడిపోతుందని చెప్పలేదు, నమ్మకం లేదని మాత్రమే చెప్పాడు. ఆ రాత్రి ఒక్కటి చాలు, నీ వ్యాసానికి కావాల్సిన పాఠమంతా అందులో ఉంది. నువ్వు దాన్ని ఒక్క ముక్కలో దాటేశావు.

నీ వ్యాసంలోని ఈ శాతాల పిచ్చి ఎక్కడిదో నాకు తెలుసు. చాలాకాలం కిందట ఒక పత్రికకు ఇదే విషయం మీద వ్యాసం ఇచ్చాను. అక్కడి ఎడిటర్ నన్ను అడగకుండా వ్యాసం మధ్యలో ఒక బాక్సు పెట్టాడు. అందులో నిచ్చెన బొమ్మ. పై మెట్టు మీద నూటికి నూరు శాతం, ఇండికేటివ్. దిగేకొద్దీ శాతం తగ్గి, కింద సబ్‌జంక్టివ్. "ఎస్ ప్రొబాబ్లె కె" గురించి నేను రాసిన పేరా ఆ నిచ్చెనలో ఇమడలేదు, అందుకని పేరానే తీసేశాడు. అడిగితే "పాఠకులకు బొమ్మ ఉంటే ఈజీ సార్" అన్నాడు. అంతటితో పోనిచ్చారా, లేదు. స్పానిష్ అక్షరాల్లో వేసిన వాక్యాల్లో "గనరా" మీద ఉండాల్సిన చిన్న గీత అచ్చులో మాయమైంది. ఆ గీత ఉంటే ఊనిక చివరి అక్షరం మీద పడుతుంది, గనరా, గెలుస్తుంది. గీత పోతే ఊనిక నడిమి అక్షరం మీదికి జరిగి "గనార" అవుతుంది, అది భూతకాలపు సబ్‌జంక్టివ్. ప్రూఫులో నేను ఎర్ర సిరాతో గుర్తుపెట్టిన ప్రతి గీతా పోయింది. నాకు వ్యాకరణం రాదంటూ ఉత్తరాలు వచ్చాయి. సవరణ వేయమని ఎంత మొత్తుకున్నా వేయలేదు. ఆ సంచిక ఇప్పటికీ నా అలమరలో ఉంది, తీసి చూస్తే ఇప్పటికీ కడుపు రగులుతుంది. నీ వ్యాసం అచ్చుకు వెళ్ళేటప్పుడు ఆ గీతలు నువ్వే ఒక్కొక్కటీ చూసుకో, ఎవరినీ నమ్మకు.

ఇప్పటి ఫ్యాషన్ ఇంకోటి ఉంది, ఇంగ్లీషు ద్వారా స్పానిష్ నేర్చుకునేవాళ్ళందరికీ నూరిపోస్తున్న 'వియర్డో' సూత్రం. కోరికలు, భావాలు, కర్త లేని వాక్యాలు, సిఫార్సులు, సందేహాలు, ఒహలా (అలా జరిగితే బాగుండు అనే మాట): ఆ పేరులోని ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒక్కో పెట్టె. పరీక్షలో మార్కులు తెస్తుంది, కాదనను. కానీ ఈ పెట్టెల్ని కలిపే తాడు ఏమిటో చెప్పదు. "క్వాందో ఆబ్రన్" అందులో ఏ పెట్టెలోనూ పట్టదు. నువ్వు ఆ పట్టికను అలాగే దించేశావు. రాసేవాళ్ళు చెయ్యాల్సిన పని అది కాదమ్మా.

జరిగిపోయినదాని మీద కూడా సబ్‌జంక్టివ్ ఎలా వస్తుందో నీ వ్యాసంలో ఎక్కడా లేదు. ఒక ఉదాహరణ ఇస్తాను, వాడుకో. ఆస్కార్ విదేశీ చిత్రం విభాగానికి 2002లో స్పెయిన్ అకాడమీ 'లోస్ లూనెస్ అల్ సోల్'ను పంపింది. దర్శకుడు పేద్రో అల్మోదోవార్ తీసిన 'ఆబ్లె కోన్ ఎయ్యా'ను పంపలేదు. పంపిన సినిమాకు ఆస్కార్ నామినేషన్ రాలేదు. పంపని సినిమా 2003 మార్చిలో ఒరిజినల్ స్క్రీన్‌ప్లే ఆస్కార్ గెలుచుకుంది. ఇందులో అనుమానానికి తావే లేదు, అంతా రికార్డయిన చరిత్ర. "నో లా ఎలిహియేరోన్", దాన్ని ఎంపిక చేయలేదు, ఇండికేటివ్. అదే సంగతి గురించి "ఫుయె ఉనా లాస్తిమా కె నో లా ఎలిహియేరన్" అంటే, ఎంపిక చేయకపోవటం బాధాకరం అని, సబ్‌జంక్టివ్ వచ్చేసింది. రోన్ పోయి రన్ వచ్చింది, అంతే తేడా. రెండో వాక్యం చెప్పేవాడు జరిగినదాన్ని వార్తగా చెప్పటం లేదు, దాని మీద తన బాధ చెబుతున్నాడు. ('లోస్ లూనెస్ అల్ సోల్' ఆ ఏడాది గోయాల్లో ఉత్తమ చిత్రం, దాన్ని తక్కువ చెయ్యటం నా ఉద్దేశం కాదు.)

నీ వ్యాసంలో నాకు నచ్చిన చోటు ఒకటుంది. పేరు పిలవకముందు "ఒహలా గానె" అన్న అభిమాని, వేరే పేరు పిలిచాక "ఒహలా ఉబియేరా గనాదో" అనటం. గెలవాలి అన్నవాడు గెలిచి ఉంటే బాగుండేది అంటున్నాడు. కాలం ఒక్కటే మారింది, మనసు మారలేదు. అది నువ్వు ఎవరి దగ్గరా తెచ్చుకోలేదు, నీ చెవితో విన్నావు.

నేను నేర్చుకున్నది ఎలాగో చెబుతాను. వేడుక ముందు రోజు నోట్‌బుక్‌లో విభాగానికో వాక్యం రాసుకునేవాణ్ణి. పక్కన రెండు గళ్ళు. ఒకటి వ్యాకరణానికి, ఒకటి ఫలితానికి. వేడుక అయ్యాక రెండు గళ్ళూ విడివిడిగా నింపేవాణ్ణి. క్రియ సరైనదై జోస్యం తప్పిన వాక్యాలుండేవి, జోస్యం ఫలించి క్రియ తప్పినవీ ఉండేవి. ఈ రెండూ వేరని నాకు పుస్తకాల కంటే ముందు ఆ గళ్ళే చెప్పాయి. దుబారాగా అనిపించినా నువ్వూ ఒక నోట్‌బుక్ పెట్టుకో. పెన్నుతో రాయి, పెన్సిల్‌తో కాదు.

భూతకాలపు సబ్‌జంక్టివ్‌లో రా రూపం, సె రూపం మధ్య తేడా, ఏ ప్రచురణకర్తకు పంపాలి వగైరా చాలా అడిగావు. అవి ఈ ఉత్తరంలో పట్టవు.

"సి గానె" ఉన్న పేరా మొత్తం కొట్టెయ్యి. శాతాలు తీసెయ్యి. ప్రతి విభాగానికీ కనీసం ఒక్క "క్రేయో కె" వాక్యం ఉండాలి, ఫలానా సినిమా, ఫలానా నటి అని పేరుతో సహా. రాబోయే గోయాల నామినేషన్లు వచ్చాక రాసి, వేడుకకు ముందే నాకు పంపు. ఫలితాలు వచ్చాక మార్చిన ప్రతి నాకు వద్దు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు