జీడి తోటలో పెట్రోల్ బ్లోయర్: గాలి కన్నా సైలెన్సర్‌తోనే జాగ్రత్త

మీరు అడిగింది: శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు వైపు జీడి తోట ఉంది, పిక్కలు ఏరడానికి మనుషులు దొరకడం లేదు, చెట్ల కింద ఆకు ఊదడానికి నాన్నగారు వీపుకు తగిలించుకునే పెట్రోల్ బ్లోయర్ కొన్నారు, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అని. మాది మందస వైపు. మా చిన్నాన్న తోటలో కొన్నేళ్లుగా సీజన్‌లో ఇదే మిషను నడుస్తోంది, నేనూ నడుపుతాను. అక్కడ చూసిందే చెబుతున్నాను.

కొత్తగా కొన్నవాళ్లందరూ గాలిని చూసి భయపడతారు. నన్నడిగితే భయపడాల్సింది సైలెన్సర్‌ని చూసి. మార్చి నుంచి మే దాకా మన తోటల్లో కాలు పెట్టిన చోటల్లా ఎండిన జీడాకే కదా, అందులో మనం మండే వేడితో ఉన్న ఇంజనునీ పెట్రోలు ట్యాంకునీ వీపున కట్టుకుని తిరుగుతాం. అలసిపోయి కాసేపు దించుదాం అనుకున్నప్పుడే ప్రమాదం. మా పక్క తోటలో ఒకతను మిషను ఆపి ఆకుల మీదే పెట్టి మంచినీళ్లకి వెళ్లాడు. ఇంజను ఆగితే వేడి పోయిందనుకున్నాడు. తిరిగొచ్చేసరికి సైలెన్సర్ కింద ఆకు నుంచి పొగ వస్తోంది. అదృష్టం, దగ్గర్లో ఉన్న మనిషి కాలితో ఇసుక తోసి ఆర్పేశాడు. తిత్లీ తుపానుకి (2018 అక్టోబరు) పడిపోయిన చెట్ల స్థానంలో వేసిన మొక్కలు ఇంకా కొమ్మలు కిందకే ఉన్నాయి, ఆకు అంటుకుంటే మంట ఆ కొమ్మల మీదకి వెళ్లడానికి ఎంతసేపు పట్టదు.

అందుకని పని మొదలుపెట్టే ముందు చేయాల్సిన మొదటి పని, తోట అంచున ఒక చోట ఆకు అంతా ఊదేసి లేదా చీపురుతో తుడిచేసి ఒట్టి నేల తేల్చడం. ఒక మంచం పట్టేంత చోటు చాలు. మిషను దించినా, పెట్రోలు పోసినా అక్కడే. స్టార్ట్ చేయడానికి పది అడుగుల అవతల అలాంటిదే ఇంకో చోటు తుడిచి ఉంచుకోండి. గోనె సంచి పరిచి దాని మీద పెట్టకండి, గోనె కూడా అంటుకుంటుంది. మందు కొట్టే స్ప్రేయరు ఉంటే బాగా కడిగి మంచినీళ్లు నింపి ఆ పక్కన ఉంచండి. మిషను సైలెన్సర్ మూతి దగ్గర చిన్న జల్లెడ ఉంటుంది, నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపేది అదే. మసి పట్టి మూసుకుపోతే ఇంజను గుంజదు, అప్పుడు కొందరు మెకానిక్కులు "ఇది తీసేస్తే పికప్ బాగుంటుంది" అని పీకేస్తారు. జీడి తోటలో వాడే మిషనుకి దాన్ని తీయనివ్వకండి. శుభ్రం చేయించి తిరిగి పెట్టించండి.

పెట్రోలు విషయం. ముందు ఇంజను టూ స్ట్రోకా ఫోర్ స్ట్రోకా తెలుసుకోండి. ఇంజనాయిల్ పోయడానికి వేరే మూత ఉంటే ఫోర్ స్ట్రోక్, దానికి పెట్రోలులో ఆయిల్ కలపకూడదు. టూ స్ట్రోక్ అయితే పెట్రోలుతో పాటు టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ల కోసం చేసింది) కలపాలి, బండిలో పోసే ఫోర్ టీ ఆయిల్ (ఫోర్ స్ట్రోక్ ఇంజన్లది) పనికిరాదు. ఎంత కలపాలన్నది మీ మిషనుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది: కొన్నింటికి లీటరుకి 20 మిల్లీలీటర్లు (50:1), కొన్నింటికి 40 (25:1). పక్కింటాయన మిషనుకి వేసే లెక్క మీ మిషనుకి వేయకండి. ఆయిల్ తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ, మసి, అదే జల్లెడ మూసుకుపోవడం.

ట్యాంకులో పోసేటప్పుడు ఇంజను ఆపి ఓ పది నిమిషాలు చల్లారనివ్వాలి. సీజన్‌లో తొందర ఉంటుంది, తెలుసు, మా చిన్నాన్న కూడా మొదట్లో "పది నిమిషాలేంట్రా" అని కసిరేవారు. కానీ పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, నేల పట్టుకుని పాకుతుంది, వేడి సైలెన్సర్ తగిలితే చాలు. చుట్టుపక్కల బీడీ ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు గానీ, పిక్కలు ఏరేవాళ్లలో ముసలివాళ్లుంటారు, వాళ్లకి పనిగట్టుకుని చెప్పాల్సిందే. ఒలికితే గుడ్డతో తుడిచేయండి, మూత బిగించి, పోసిన చోటు నుంచి ఓ పది అడుగులు జరిగి, ముందే తుడిచి ఉంచిన ఆ రెండో చోట తాడు లాగండి. పెట్రోలు కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం తేవొద్దండి. తోటలో దాహం వేసినవాడు సీసా చూసి ఎత్తేస్తాడు, పిల్లలైతే ఇంకా ప్రమాదం. మూత గట్టిగా పడే రేకు డబ్బా వాడండి, పైన పెద్ద అక్షరాలతో రాయండి.

ఇప్పుడు వస్తున్న ఈ20 పెట్రోలులో (20 శాతం దాకా ఇథనాల్ కలిపింది) ఉండే ఇథనాల్ తేమ లాగుతుంది, మన సముద్రపు గాలికి మరీనూ. కలిపిన పెట్రోలు వారాల తరబడి ఉంచకండి. సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఉన్నది అయిపోయేదాకా ఇంజను నడిపి ఆపండి. లేకపోతే వచ్చే ఏడాది స్టార్ట్ కాక మీ నాన్నగారు తాడు లాగి లాగి భుజం పట్టేయించుకుంటారు.

స్టార్ట్ చేసేటప్పుడు వీపున ఉంచుకుని ఎవరితోనో తాడు లాగించడం చూస్తుంటాను, అది వద్దు. నేల మీద పెట్టి ఒక చేత్తో అదిమి పట్టి, గొట్టం మనుషులు లేని వైపు తిప్పి లాగాలి. గోడౌన్లో, పశువుల శాలలో, మూసిన షెడ్లో "ఒకసారి చూద్దాం" అని కూడా వేయకండి. పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. తల నొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, కళ్లు తిరగడం మొదలైతే మిషను ఆపేసి బయటి గాలిలోకి రావాలి.

బట్టల దగ్గరకి వస్తే, మన మగవాళ్లకి మెడలో తువ్వాలు లేకపోతే పని తోచదు కదా, ఈ మిషనుకి అదే పడదు. ఫ్యాన్‌లోకి గాలి లాగే చోటు వీపు పక్కనే ఉంటుంది, వేలాడే తువ్వాలు, వదులు చొక్కా, ఆడవాళ్లయితే కొంగు, జడ, అన్నిటినీ లాగేస్తుంది. తువ్వాలు తలకి బిగించి చుట్టుకోమనండి, లుంగీ కాకుండా ప్యాంటు వేసుకోమనండి. కళ్లకి కూలింగ్ గ్లాసులు చాలవు, పక్కలు మూసే గాగుల్స్ కావాలి, మన ఇసుక నేలల్లో ఇసుక పక్క నుంచే వస్తుంది. ముక్కుకి తడి గుడ్డ కట్టినా సన్న దుమ్ము ఆగదు, ఎన్95 మాస్క్ పెట్టుకోవాలి. పూతకి మందు కొట్టిన తోట అయితే ఆ దుమ్ములో మందు కూడా ఉంటుందని మరవకండి. కాళ్లకి బూట్లు: ఆకు కింద రక్తపింజరి ఉంటే మిషను చప్పుడులో దాని బుస మీకు వినపడదు.

చెవుల గురించి ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే ఆ రోజు ఏమీ అనిపించదు. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలు ఉండొచ్చు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమైపోతుంది. అంటే 94 దగ్గర ఒక్క గంట. వీపున మోసే బ్లోయర్ నడిపేవాడి చెవి దగ్గర మామూలుగా 95 పైనే ఉంటుంది, సీజనంతా రోజూ నడిపితే ఇక లెక్క మీరే వేసుకోండి. చెవిలో పెట్టుకునే స్పాంజి బిళ్లలు పది ఇరవై రూపాయలవి దొరుకుతాయి, హెడ్‌ఫోన్‌లా ఉండే మఫ్‌లు ఇంకా మంచివి. పాటలు పెట్టుకునే ఇయర్‌ఫోన్లు దీనికి బదులు కావు. చెవులు మూసుకున్నాక వెనక ఎవరొస్తున్నారో తెలియదు, కాబట్టి ఏరేవాళ్లు కనీసం 50 అడుగుల దూరంలో ఉండాలి, ఎవరైనా పిలవాలంటే ఎదురుగా వచ్చి చెయ్యి ఊపాలి.

ఊదడం తెల్లవారగానే మొదలుపెట్టండి. గాలి ఉండదు, మంచుకి దుమ్ము అణిగి ఉంటుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక ఊదిన ఆకు మొహానికే వస్తుంది, పైగా ఆ ఎండలో పది కిలోల బరువు, ఇంజను వేడి, రెండూ వీపున. అరగంటకోసారి దించి నీళ్లు తాగమనండి. వేళ్లు తిమ్మిరెక్కినా, తెల్లబడినా ఆ రోజుకి వేరే మనిషికి ఇచ్చేయాలి, అదురు వల్ల వచ్చేది అది. ఇంకోటి, ఫుల్ రేజ్ అక్కర్లేదు. సగం రేజ్‌లో గొట్టం నేలకి దగ్గరగా ఉంచితే ఆకు లేస్తుంది, పిక్క బరువుకి అక్కడే ఉంటుంది. ఫుల్ పెడితే పిక్కలు పక్కవాళ్ల తోటలోకి వెళ్తాయి, వాళ్లకి మాత్రం సంతోషమే.

మిషను మోడల్ ఏదో, ఆయిల్‌కి వేరే మూత ఉందో లేదో రాయండి, అది చూసి పెట్రోలు లెక్క చెబుతాను.